చవక ఆర్కేడ్ స్టిక్ కొని, లోపలంతా మార్చుకున్నాను: పర్లాకిమిడి నుంచి నా అనుభవం

ఆర్కేడ్ స్టిక్ అంటే వీడియో గేముల దుకాణాల్లోని మిషన్లకు ఉన్నట్టు లీవరూ పెద్ద బటన్లూ ఉండే ఆట పెట్టె. ముందుగా లెక్క చెప్పేస్తాను. నేను వెతుకుతున్న రోజుల్లో ఈ లెక్క ఎవరూ సూటిగా చెప్పలేదు. స్టిక్కుకు 6,350 రూపాయలు. ఎనిమిది బటన్లకు పోస్టేజీతో కలిపి 2,600. లీవర్‌కు సరుకు ధర, రవాణా కలిపి 3,850. దాని మీద సుంకం, కొరియర్ వారి రుసుము 1,900. బిగించిన మెకానిక్కుకు 250, చివర్లో చేయించుకున్న కొమ్ము పిడికి 700. మొత్తం 15,650 రూపాయలు. మంచి భాగాలు ముందే బిగించి అమ్మే స్టిక్కు కొనడానికి ఇంకాస్త కలిపితే సరిపోయేది. అయినా మళ్లీ కొనాల్సి వస్తే ఇదే దారిలో వెళ్తాను, లీవర్ ఒక్కటి మినహాయించి. అది ఎందుకో తర్వాత చెబుతాను.

నేను ఇంటి దగ్గరే దుకాణాల పద్దులు రాస్తాను. రాత్రి భోజనాలయ్యాక విశాఖలో ఉన్న తమ్ముడితో స్ట్రీట్ ఫైటర్ 6 ఆడతాను. 2023 జూన్‌లో ఆట విడుదలైనప్పటి నుంచి మా ఇద్దరికీ ఇదే పలకరింపు. 2024 దసరా వెళ్లాక నా ఎడమ బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైంది. పగలంతా కీబోర్డు, రాత్రి గేమ్‌ప్యాడ్ మీద నాలుగు దిక్కుల బటను. నేను ఆడే కెన్ అనే పాత్ర చేత షోర్యూకెన్ అనే ఎగిరి కొట్టే గుద్దు కొట్టించాలంటే ముందుకు, కిందికి, కింది మూలకు వేలిని లాగాలి. సీసా మూత తిప్పినా ప్రాణం పోయేది. డాక్టరు గారు నెల రోజులు వేలికి విశ్రాంతి ఇవ్వమన్నారు. ఏ పని వల్ల వచ్చిందని అడిగితే "కంప్యూటర్ పని" అన్నాను. అబద్ధం కాదు కదా.

"ఆడటం మానకు అక్కా, పట్టుకునే తీరు మార్చు" అన్నాడు తమ్ముడు. ఆర్కేడ్ స్టిక్కులో దిక్కులన్నీ మణికట్టు, ముంజేయి చూసుకుంటాయి, బొటనవేలికి పని తక్కువ. మా చిన్నప్పుడు బజారులోని వీడియో గేముల దుకాణంలో కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97 మిషను ఉండేది. వాడు ఆడుతుంటే నేను వెనక నిలబడి చూడటమే. ఆడపిల్లలు ఆ లీవర్ పట్టుకోవడం మా వీధిలో ఎవరూ ఊహించని సంగతి. కాబట్టి ముప్పై మూడేళ్ల వయసులో అది మొదటిసారి నా చేతికి వచ్చింది.

ఏ కంపెనీదో చెప్పను, చెప్పాల్సిన అవసరమూ లేదు. చవక స్టిక్కుల్లో చూడాల్సింది పేరు కాదు, పెట్టె. బటన్ల రంధ్రాలు 30 మిల్లీమీటర్లవి కావాలి. లోపలి తీగలు టంకం వేసినవి కాకుండా లాగితే ఊడివచ్చే లగ్గులతో (బటన్ కాళ్లకు తొడిగే చిన్న రేకు తొడుగులు) ఉండాలి. లీవర్ తీగ అయిదు పిన్నుల ప్లగ్గుతో ఉండాలి. జపాన్ వారి సాన్వా లీవర్ కూర్చునేంత లోతు ఉండాలి. ఇవి ఉంటే లోపల ఎంత నాసిరకం భాగాలున్నా ఫరవాలేదు, రేపు తీసి పారేయవచ్చు. ఇంకా చవకైనవి కొన్నింటిలో బటన్లు చిన్నవి, పైగా నేరుగా బోర్డుకే అంటి ఉంటాయి. వాటిని మార్చాలంటే కొత్తది కొనడమే సులువు. ప్లేస్టేషన్ మీదో ఎక్స్‌బాక్స్ మీదో ఆడేవారు ఇంకొకటి చూసుకోవాలి. చవక స్టిక్కులు చాలావాటికి ఆ కన్సోల్ అసలు ప్యాడ్‌ను కూడా తీగతో తగిలించి ఉంచితేనే గుర్తింపు దొరుకుతుంది. నాది కంప్యూటర్ కాబట్టి ఆ బాధ తప్పింది.

నవంబర్ 18న ఆర్డరు పెట్టబోతే మా 761తో మొదలయ్యే పిన్‌కోడ్‌కు అందించలేమని వచ్చింది. 532తో మొదలయ్యే పాతపట్నం కోడ్ కొడితే పది రోజుల్లోపు ఇస్తామన్నారు. పాతపట్నం అంటే ఎక్కడో కాదు, షేర్ ఆటో ఎక్కి కూర్చుంటే మాట పూర్తయ్యేలోపు వచ్చే ఊరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీ మధ్య నుంచి గీసిన గీతకు ఇవతల మేము, అవతల వాళ్లు. బంధువులు, పెళ్లిళ్లు, కూరగాయలు ఆ గీతను ఎప్పుడూ పట్టించుకోలేదు. కొరియర్ కంపెనీల కంప్యూటర్లు మాత్రం బాగా పట్టించుకుంటాయి. పాతపట్నంలో ఉన్న పిన్ని చిరునామా ఇచ్చాను.

మీరూ ఇలా చుట్టాల చిరునామా ఇస్తే ఓటీపీ సంగతి ముందే ఆలోచించుకోండి. అంకెలు నా ఫోనుకు వస్తాయి, కుర్రవాడు పిన్ని గుమ్మంలో ఉంటాడు, నేనేమో దుకాణదారుతో జీఎస్టీ లెక్కల్లో ఉంటాను. మొదటి రోజు అతను వెనక్కి వెళ్లిపోయాడు. మర్నాడు, నవంబర్ 27న, పిన్ని నంబరు కూడా చేర్చాక ఇచ్చి వెళ్లాడు. అంత పెద్ద పెట్టె చూసి వీధిలో వాళ్లు అడిగితే మిక్సీ అని చెప్పిందట పిన్ని. "గేములాడే డబ్బా అని ఎలా చెప్పనే, నీకు పెళ్లయింది కదా" అంది.

మొదటి వారాల గురించి ఎవరూ నిజం చెప్పరు, నేను చెబుతాను. స్టిక్కు కొన్న మర్నాటి నుంచి మీ ఆట బాగుపడదు, పాడవుతుంది. ప్యాడ్ మీద కళ్లు మూసుకుని చేసినవి ఒక్కటీ రాలేదు. నడవమంటే కెన్ గెంతేవాడు. మూలలు దొరికేవి కావు. తెరకు ఎడమవైపున ఉంటే షోర్యూకెన్ పదిలో సగమైనా వచ్చేది. కుడివైపుకు మారి అదే కదలికను తిరగేసి చేయాలంటే చేయి మొరాయించేది. ర్యాంకు ఆటల్లో నేను దిగిపోతుంటే తమ్ముడు నవ్వును దగ్గులో దాచుకునేవాడు. రెండుసార్లు ప్యాడ్ తీసి చేతిలో పట్టుకున్నాను, వేలు నొప్పి గుర్తుచేస్తే పక్కన పెట్టాను. డిసెంబరంతా మనుషులతో ఆడటం తగ్గించి ఆటలోనే ఉండే సాధన గదిలో కూర్చున్నాను. అందులో మనం నొక్కిన ప్రతి దిక్కూ బాణం గుర్తుగా తెర పక్కన పడుతుంది. చేయి ఏం చేసిందో మనం అనుకునేది ఒకటి, అక్కడ కనిపించేది ఇంకొకటి. కింది మూల దగ్గర ఆగకుండా నేరుగా కిందికి జారిపోతున్నానని అక్కడే తెలిసింది.

పట్టు కూడా మార్చుకోవాల్సి వచ్చింది. లీవర్ పైనున్న గుండును పిడికిలిలో బిగించి పట్టుకుంటే భుజం దాకా లాగేది. అరచేయి పైకి తిప్పి, మధ్యవేలికీ ఉంగరపు వేలికీ నడుమ కడ్డీ వచ్చేలా కింది నుంచి వదులుగా పట్టుకోవడం నాకు సరిపడింది. కూర్చోవడమేమో నేల మీద, స్టిక్కు పీట మీద. నున్నటి పీట మీద డబ్బా జారిపోతుంటే మా ఆయన పాత సైకిల్ ట్యూబును ముక్కలు కోసి కింద అంటించారు. ఖర్చు లేకుండా జరిగిన మార్పు అదొక్కటే, అన్నిటికన్నా ముందు చేయాల్సిందీ అదే. సంక్రాంతి నాటికి బొటనవేలి నొప్పి చాలావరకు పోయింది.

ఈలోగా డబ్బాతో వచ్చిన బటన్ల మీద విసుగు పుట్టింది. లోతుగా నొక్కితే గాని పలకవు, గబగబా రెండుసార్లు కొడితే ఒకటే పడుతుంది. తప్పు నాదా బటన్‌దా అన్న అనుమానం ఆటను చంపేస్తుంది. జనవరి 6న దేశంలోనే ఉన్న ఒక అమ్మకందారు దగ్గర సాన్వా ఓబీఎస్ఎఫ్-30 బటన్లు ఎనిమిది తెప్పించుకున్నాను. భోగి నుంచి కనుమ దాకా పాతపట్నంలో కొరియర్ ఆఫీసు మూత. జనవరి 18న చేతికొచ్చాయి.

నేనే బిగించుకుందామని మరలు విప్పి కింది పలక తీశాను. చూస్తే ఒక్కొక్క బటన్‌కు రెండేసి లగ్గులు, పదహారు. అవి ఎంత గట్టిగా ఉన్నాయంటే, వాటిని లాగడానికి కావలసింది సరిగ్గా ఆ బొటనవేలే. మూసి, మా వీధి చివర ఫోన్లూ టీవీలూ బాగుచేసే అతని దగ్గరికి పట్టుకెళ్లాను. ఒడియా అతను, తెలుగు మనకన్నా బాగా మాట్లాడతాడు. "ఏ బాబుది మేడమ్ ఈ బొమ్మ?" అని అడిగాడు. నాదే అన్నాక ఇంకేమీ అడగలేదు.

పని సులువే. బటన్‌కు రెండు పక్కల ఉన్న నాలుకలు లోపలికి నొక్కితే పైకి వచ్చేస్తుంది. కొత్తది పై నుంచి నొక్కితే టక్కున కూర్చుంటుంది. రెండు తీగల్లో ఏది ఏ కాలికి తగిలించినా తేడా లేదు, లోపల ఉన్నది మామూలు స్విచ్చే. ఒక తీగ ఆ బటన్‌ది, రెండోది అన్ని బటన్లనూ వరసగా కలుపుతూ పోయే గ్రౌండు. ఆ వరస తీగ మధ్యలో ఎక్కడైనా ఊడితే దాని తర్వాతి బటన్లన్నీ ఒకేసారి మూగబోతాయి. కంగారుపడి బోర్డు పోయిందనుకోకండి.

చిక్కంతా ఒక లగ్గు విరిగినప్పుడు వచ్చింది. ఈ బటన్ల కాళ్లకు 2.8 మిల్లీమీటర్ల లగ్గులు కావాలి. మా ఊళ్లో మోటారు సైకిళ్ల దుకాణాల్లో, ఫ్యాన్ల దుకాణాల్లో అడిగితే అందరి దగ్గరా 6.3వి, ఎక్కడో ఒకచోట 4.8వి. ఇంత చిన్నవి ఎవరూ చూడనే లేదన్నారు. చివరికి మెకానిక్ 4.8 లగ్గును పట్టకారుతో మడిచి, పైన స్లీవు తొడిగి నెట్టుకొచ్చాడు. రెండు రూపాయలు కూడా చేయని రేకు ముక్క కోసం ఒక సాయంత్రం పోయింది.

ఇంటికొచ్చి కంప్యూటర్‌లో గేమ్ కంట్రోలర్ల కిటికీ తెరిచి ఒక్కొక్కటే నొక్కి చూసుకున్నాను. విండోస్‌లో రన్ అనే చోట జాయ్ డాట్ సీపీఎల్ అని ఇంగ్లిషులో కొడితే అది వస్తుంది. నొక్కిన బటన్ అంకె వెలుగుతుంది. ఆట తెరవకముందే ఇది చూసుకోవడం మంచిది.

బటన్ల తేడా మాత్రం మొదటి ఆటలోనే తెలిసింది. వేలు అలా ఆనితే చాలు పలుకుతాయి. అదే కొత్త తలనొప్పి కూడా. పాత బటన్ల మీద వేళ్లు వాల్చి కూర్చునే అలవాటు నాది. స్ట్రీట్ ఫైటర్ 6లో బలమైన గుద్దు, బలమైన తన్ను కలిపి పడితే డ్రైవ్ ఇంపాక్ట్ అనే దూకుడు దెబ్బ వస్తుంది. నేను ఊపిరి పీల్చుకుందామని వేళ్లు వాలిస్తే కెన్ తనంత తాను దూకి ఎదుటివాడి చేతిలో చావుదెబ్బ తినేవాడు. వేళ్లను గాలిలో ఆపి ఉంచడం అలవాటు కావడానికి ఫిబ్రవరి అంతా పట్టింది.

చప్పుడు ఇంకో సంగతి. పక్క గదిలో పడుకునే మా అత్తయ్య రెండో రాత్రే తలుపు తీసి, "ఏమ్మా, ఇంట్లో టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టావా?" అన్నారు. పీట కింద బొంత పరిచాను, కొంత తగ్గింది. చప్పుడు తక్కువ చేసే బటన్ల రకం కూడా సాన్వా వారిదే ఉంది. ఉమ్మడి ఇళ్లలో ఉండేవాళ్లు కాస్త ఎక్కువైనా అవే తీసుకోండి. నేను రాత్రి పదింటికి ఆట కట్టేస్తాననే ఒప్పందం మీద బయటపడ్డాను.

ఇక లీవర్. సాన్వా జేఎల్ఎఫ్ అనే లీవర్ ఆ రోజుల్లో ఇక్కడ అమ్మేవాళ్ల దగ్గర లేదు. ఆగి ఉండవచ్చు. బటన్లతో వచ్చిన ఉత్సాహం ఆగనివ్వలేదు, జనవరి 27న విదేశం నుంచి తెప్పించాను. ఫిబ్రవరి రెండో వారంలో ఫోనుకు ఒక సందేశం: మీ పార్శిల్ కస్టమ్స్‌లో ఉంది, ఆధార్ అప్‌లోడ్ చేసి, సుంకం కట్టండి, ఇదిగో లింకు. రోజూ పేపర్లో చదివే మోసాలన్నీ ఇలాగే మొదలవుతాయి. గుండె దడదడలాడింది. లింకు జోలికి పోకుండా కొరియర్ కంపెనీ సైటును నేనే విడిగా తెరిచి, పార్శిల్ నంబరు కొట్టి చూశాను. అక్కడా అదే ఉంది. నిజమైనదే. వివరాల్లో సరుకు ఏమిటని అడిగితే "వీడియో గేమ్ కంట్రోలర్ విడిభాగం, సొంత వాడకానికి" అని రాశాను. అందరూ మరిచిపోయేది ఏమిటంటే, సుంకం సరుకు ధర మీదే కాదు, మీరు కట్టిన రవాణా ఖర్చు మీద కూడా పడుతుంది. నేను మరీ చిన్న వస్తువు తెప్పించాను కాబట్టి రవాణాయే సరుకులో సగానికి పైగా ఉంది, దాని మీద మళ్లీ పన్ను. పద్దులు రాసి బతికే మనిషిని, ఆ రాత్రి నా పద్దులో ఆ అంకె వేసుకోవడానికి చేయి రాలేదు. మొత్తం మీద మూడు వారాలు దాటాక పిన్ని ఇంటికి చేరింది. "మళ్లీ మిక్సీనా?" అని అడిగారట పక్కింటివాళ్లు.

బిగించడంలో రెండు వింతలు. లీవర్ పైనున్న గుండు 35 మిల్లీమీటర్లు, డబ్బా రంధ్రం అంతకన్నా చిన్నది. గుండు ఊడదీస్తే గాని లీవర్ బయటికి రాదు. కడ్డీ అడుగున స్క్రూడ్రైవర్ పట్టే గాడి ఉంటుంది. దాన్ని కదలకుండా పట్టుకుని పైన గుండును అపసవ్య దిశలో తిప్పాలి. గుండును ఊరికే తిప్పితే కడ్డీ కూడా గిరగిరా తిరుగుతూ ఉంటుంది, అంతే. రెండోది, పాత లీవర్‌కు పిన్నులు ఒకవైపు ఉంటే కొత్తదానికి ఇంకోవైపు వచ్చాయి. తీగ అందేలా మెకానిక్ దాన్ని తిప్పి పెట్టాడు. కంప్యూటర్‌లో చూస్తే పైకి అంటే కిందికి, ఎడమ అంటే కుడి. మళ్లీ విప్పి, తీగను పక్క నుంచి సాగదీసి, లీవర్‌ను సరైన వైపుకు కూర్చోబెట్టాడు. కింది పలక మరలు బిగించకముందే దిక్కులు చూసుకోమని చెప్పేది ఇందుకే.

అంతా అయ్యాక ఆడితే... బాగుంది. అంతే. స్ప్రింగు మెత్తగా ఉంది, నాలుగు దిక్కుల్లోనూ స్విచ్చు ఒకే తీరుగా పలుకుతుంది, పాతదానిలో ఉన్న వదులు లేదు. కానీ బటన్లు మార్చినప్పుడు కలిగిన ఆశ్చర్యం ఇక్కడ లేదు. అప్పటికి నా చేయి పాత లీవర్‌కే అలవాటు పడిపోయింది, షోర్యూకెన్ రావడానికి కారణం చెయ్యే గాని ఇనుము కాదు. నన్నడిగితే మొదటి ఏడాది లీవర్ ముట్టుకోకండి. బటన్లు మార్చండి, చాలు. లీవర్‌ను చదరపు గేటు (కడ్డీ కదలికకు హద్దు పెట్టే పలక) నుంచి ఎనిమిది మూలల గేటుకు మార్చమని తమ్ముడు ఇప్పటికీ పోరుతున్నాడు. మూలలు చేతికి తగులుతూ తెలుస్తాయట. నాకు చదరమే బాగుంది, మూల అంటే మూలే.

మార్చి వచ్చేసరికి మా ఊరి ఉక్కకు ప్లాస్టిక్ గుండు చెమటతో జారడం మొదలుపెట్టింది. అప్పుడు తట్టింది, కొమ్ముతో కొంగలూ రొయ్యలూ దువ్వెనలూ చేసే పనివాళ్లు ఉన్న ఊళ్లో ఉండి ప్లాస్టిక్ పట్టుకు వేలాడటమేమిటని. పాత గుండు నమూనాగా తీసుకుని ఒక పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, గుండ్రంగా ఇంత లావు రాదన్నారు. కొమ్ము మొదలంతా బోలు, గట్టిగా నిండి ఉండేది కొన మాత్రమే. కొన నుంచి పైన లావుగా, కిందికి సన్నగా ఉండే పిడి అయితే చేస్తానన్నారు. ఆర్కేడ్ లీవర్లకు ఆ ఆకారం పిడులు కూడా వాడుకలో ఉన్నవే కాబట్టి సరేనన్నాను. ఇబ్బంది అంతా మర దగ్గర. లీవర్ కడ్డీకి ఎం6 మర ఉంటుంది. కొమ్ములో నేరుగా మర కోస్తే చీలిపోతుందని ఆయన అభ్యంతరం. రంధ్రం వేసి, అందులో ఇత్తడి నట్టు దించి, అరాల్డైట్‌తో అతికించాలని ఇద్దరం తేల్చుకున్నాం. రంధ్రం వేస్తుంటే వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది, కొమ్మూ వెంట్రుకా ఒకే పదార్థం కదా. పది రోజులన్నారు, ఉగాది వెళ్లాక ఏప్రిల్ మొదటి వారంలో ఇచ్చారు. నల్లగా, మధ్యలో బూడిదరంగు చారతో, ఎంత చెమట పట్టినా జారదు. 15,650లో నాకు బాధ లేని 700 ఇవే.

అత్తయ్య ఒక్క ప్రశ్న అడిగారు, దేని కొమ్మని. గేదెది అన్నాను. ఊరుకున్నారు.

పాత బటన్లు, లీవర్ పారేయలేదు, తమ్ముడి కొడుక్కి చెక్కపెట్టెలో బిగించి ఇస్తానన్నాడు మెకానిక్. విశాఖ నుంచి 2.8 లగ్గుల పొట్లం తెప్పించి అతనికే ఇచ్చేశాను, నాకు కావాల్సింది ఒక్కటే. మిగిలినవి అతని సొరుగులో ఉన్నాయి. పర్లాకిమిడి, గుణుపురం వైపు ఎవరికైనా అవసరమైతే మోటారు సైకిళ్ల దుకాణాలన్నీ తిరగనక్కర్లేదు. పాత బస్టాండు వైపు బాగుచేసే దుకాణాల్లో ఆర్కేడ్ బటన్ లగ్గులని అడగండి, అతనికి ఇప్పుడు ఆ పేరు తెలుసు.